గ్రాఫిక్స్ కార్డు ముందా, పునాది ముందా?

మేనమామకు సికింద్రాబాద్‌లో యూపీఎస్‌లు, ఇన్వర్టర్లు బాగుచేసే కొట్టు ఉంది. మేనకోడలు బీటెక్ రెండో సంవత్సరం చదువుతోంది. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన దానికి తండ్రి ఇచ్చింది కలిపితే అరవై వేలయింది. ఆ డబ్బుతో పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అంటే అందరూ సీటీసీ అని పిలిచే చోట, విడిభాగాలు కొని గేమింగ్ కంప్యూటర్‌ని తన చేతులతోనే బిగించుకోవాలని ఆ పిల్ల పట్టుదల. చీటీ కూడా రాసుకొచ్చింది. ఇది 2025 డిసెంబరు నాటి మాట. నెల చెప్పడానికి కారణం ఉంది, అది ముందుముందు తెలుస్తుంది.

చీటీ చూసిన మామ ముందు భాగాల జోలికే పోలేదు. అసలు కొనడమెందుకన్నాడు.

"మీ ఇంట్లో పాత ఆఫీసు డెస్క్‌టాప్ ఒకటి ఉందిగా అమ్మడూ. ఐ5 8400, ఆరు కోర్లు. దానికో గ్రాఫిక్స్ కార్డు తగిలిస్తే పాతిక వేలలో పనైపోతుంది. మిగతాది బ్యాంకులో వేసుకో."

"దాని ఎస్ఎంపీఎస్ మీద ఏం రాసుందో చూశావా మామయ్యా? 240 వాట్లు. కార్డుకి కావలసిన ఎనిమిది పిన్నుల వైరు దానికి లేనే లేదు. పోనీ ఎస్ఎంపీఎస్ మారుద్దామంటే, బజార్లో దొరికే ఇరవై నాలుగు పిన్నుల ప్లగ్గు ఆ బోర్డుకి పట్టదు. కంపెనీ వాళ్లు తమ సొంత కొలతలతో చేసుకున్నారు. క్యాబినెట్ కూడా సన్నం. మామూలు కార్డు అందులో దూరదు."

ఈ సంగతి మామకు తెలియనిది కాదు. బ్రాండెడ్ డెస్క్‌టాప్‌ల ఎస్ఎంపీఎస్‌లు రిపేరుకి వస్తే బయట జోడీ దొరక్క తిప్పలు పడే మనిషే. తల ఊపి ఊరుకున్నాడు. పాత మిషన్‌కి కార్డు తగిలించడం చెడ్డ ఉపాయమేం కాదు. అసెంబుల్ చేయించిన పాత కంప్యూటరైతే చాలామందికి అదే మొదటి మెట్టు. బ్రాండెడ్ సన్న డబ్బా దగ్గర మాత్రం ఆ మెట్టు ఉండదు.

అసలు పోట్లాట ఆ తర్వాత మొదలైంది. చీటీలో మొదటి వరసలో ఏఎండీ రైజెన్ 5 5600, దాని కింద బీ550 మదర్‌బోర్డు, ఆ కింద రేడియాన్ ఆర్ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. మామ వేలు మొదటి వరస మీదే ఆగింది.

"ఇది ఏఎం4 సాకెట్. అయిపోయిన దారి. 2022 సెప్టెంబరులోనే ఏఎం5 వచ్చింది. దాన్ని 2027 దాకా, ఆ పైన కూడా నడిపిస్తామని ఏఎండీ మాటిచ్చింది. నువ్వు పునాది మీద డబ్బు పెట్టు. మంచి ఏఎం5 బోర్డు, రైజెన్ 5 8600జీ ప్రాసెసర్ తీసుకో. అందులోనే రేడియాన్ 760ఎం గ్రాఫిక్స్ ఉంటుంది. ఈ ఏడాది దాంతో ఆడుకో, వచ్చే ఏడాది కార్డు కొనుక్కో."

కోడలు నవ్వింది. "గేమింగ్ కంప్యూటర్ కొని, గ్రాఫిక్స్ కార్డు మాత్రం వచ్చే ఏడాదా?"

"నవ్వకు. ఏఎం4 కథే చూడు. 2017లో మొదటి రైజెన్ వచ్చినప్పుడు బీ350 బోర్డు కొన్నవాడు ఐదేళ్ల తర్వాత బయోస్ అప్‌డేట్ చేసుకుని అదే బోర్డులో 5800ఎక్స్3డీ పెట్టుకున్నాడు. బోర్డు మార్చలేదు, ర్యామ్ మార్చలేదు. ప్రాసెసర్ ఒక్కటి మారింది, మిషన్ కొత్తదైపోయింది. ఇంటెల్ వాళ్ల సాకెట్ అయితే పన్నెండు, పదమూడు, పద్నాలుగు, మూడు తరాలతో ముగిసింది. 2024 అక్టోబరులో కొత్త సాకెట్ దింపారు. పునాది బాగుంటే పైన అంతస్తులు ఎప్పుడైనా వేసుకోవచ్చు."

మామ ఇక్కడితో ఆగితే కోడలు ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదే. ఆయన ఇంకో ప్రశ్న వేశాడు. ఇలాంటి చీటీ రాసే ప్రతివాడూ మొదట వేసుకోవలసిన ప్రశ్న అది. చాలామంది చివర వేసుకుంటారు, లేదా అసలే వేసుకోరు.

"ఇంతకీ ఏం ఆడతావు? ఏ తెర మీద ఆడతావు?"

"వాలరెంట్ రోజూ ఆడతా. సైబర్‌పంక్ 2077 ఇంకా మొదలుపెట్టనే లేదు. మానిటర్ ఇంట్లో ఉన్నదే, 1080పీ."

"ఎన్ని హెర్ట్జ్?"

"అరవై."

"అంటే సెకనుకి అరవై బొమ్మలే చూపిస్తుంది. వాలరెంట్ తేలిక గేము. 8600జీ ఒక్కటే, కార్డు లేకుండా, దాన్ని వంద ఫ్రేముల పైన ఆడిస్తుంది. నీ కార్డు రెండొందలు ఇస్తే మిగతా నూట నలభై ఫ్రేములు ఎక్కడ చూస్తావమ్మా?"

ఆమె దగ్గర దీనికి జవాబు లేకపోలేదు. ఫ్రేములు ఎక్కువైతే తెర అరవై దగ్గరే ఉన్నా మౌస్ కదలికకూ తెర మీది మార్పుకూ మధ్య ఆలస్యం తగ్గుతుంది. పోటీగా ఆడేవాళ్లు పట్టించుకునేది దాన్నే. అయినా అది పైపై జవాబని ఆమెకే తెలుసు. అసలు జవాబు రెండో గేములో ఉంది.

"వాలరెంట్‌కి నీ మాటే నిజం మామయ్యా. సైబర్‌పంక్ సంగతేంటి? 760ఎం మీద 1080పీలో అన్నీ తగ్గించుకుంటే ముప్పై ఫ్రేముల చుట్టూ కొట్టుమిట్టాడుతుంది. ఆర్ఎక్స్ 6600 మీద అదే తెరలో, రే ట్రేసింగ్ ఆపేసి, బొమ్మ చెడకుండా అరవై దగ్గర ఆడుకోవచ్చు. నా కాలేజీ అయ్యేది ఇంకో రెండేళ్లలో. ఆడుకునే తీరిక ఉండేది ఇప్పుడు. వచ్చే ఏడాది కార్డు కొనడానికి డబ్బు ఎక్కడిది? ఈ అరవై వేలు కూడడానికే ఎంత కాలం పట్టిందో నీకు తెలుసు."

"జీటీఏ 6 వస్తోంది కదా, దానికన్నా పనికొస్తుందని..."

"2026 నవంబరు 19 అన్నది ప్లేస్టేషన్ 5కీ, ఎక్స్‌బాక్స్‌కీ. పీసీకి తేదీయే చెప్పలేదు. ఎప్పుడొస్తుందో తెలియని గేము కోసం ఇప్పుడు బోర్డు కొనమంటావా?"

భవిష్యత్తును కొనడం గురించి మామకున్న నమ్మకం ఉట్టిది కాదు. లక్ష పైన ఖర్చు పెట్టేవాళ్లకు ఆయన సలహా అక్షరాలా సరైనదే. కానీ అరవై వేలలో రేపటి కోసం కేటాయించే ప్రతి వెయ్యీ ఇవాళ్టి గ్రాఫిక్స్ కార్డులోంచే కోసుకోవాలి. పైగా 8600జీలోని గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. అందుకని దానికి వేగమైన డీడీఆర్5 జత కావాలి. మామ లెక్క అక్కడే బోల్తాపడింది.

ఎందుకంటే అది 2025 డిసెంబరు. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఎగరేసుకుపోతుంటే ఆ ఏడాది చివరి నెలల్లో ర్యామ్ ధరలు చుక్కలంటాయి. చిప్‌లు తయారుచేసే మైక్రాన్ కంపెనీ, మామూలు జనానికి క్రూషియల్ పేరుతో అమ్మే ర్యామ్, ఎస్ఎస్‌డీల వ్యాపారం మానేస్తున్నట్టు డిసెంబరు మొదట్లో ప్రకటించింది. పెద్ద గిరాకీలు డేటా సెంటర్ల దగ్గర ఉంటే ఎనిమిది జీబీ స్టిక్ కొనే విద్యార్థిని ఎవరు పట్టించుకుంటారు? కొత్త డీడీఆర్5 జత ఒక్కటే మామ లెక్కలో ఇంకో ప్రాసెసర్ కొన్నంత మింగుతోంది. డీడీఆర్4 కూడా తగ్గి ఏం లేదు.

"చూశావా, నువ్వు చెప్పిన పునాదికే డబ్బు చాలట్లేదు" అంది కోడలు.

"నీ చీటీకి మాత్రం చాలుతోందా? కొత్త ర్యామ్ రాసి పక్కన ఖాళీ వదిలేశావు."

నిజమే, ఆ వరసలో అంకె లేదు. కొట్టులో ధర రోజుకో రకంగా చెబుతుంటే ఏమని రాస్తుంది? చిక్కు విప్పింది మామే. మొదట తను వెనకేసుకొచ్చిన ఆ పాత ఆఫీసు డబ్బా ఆయనకు మళ్లీ గుర్తొచ్చింది. కార్డు పట్టకపోతేనేం, అందులోని ర్యామ్ మాత్రం మామూలు డెస్క్‌టాప్ ర్యామే. ఎనిమిది జీబీవి రెండు స్టిక్కులు, డీడీఆర్4.

"అవి ఊడదీసి పెట్టుకో. ర్యామ్ అంత తేలిగ్గా చెడిపోదు. రాత్రంతా మెమరీ టెస్ట్ పెట్టి చూద్దాం, తప్పులు రాకపోతే సరే."

కోడలికి ఇది నచ్చలేదు. "అవి 2666 స్పీడువి మామయ్యా. రైజెన్‌లో లోపలి భాగాల మధ్య దారి ర్యామ్ వేగంతో ముడిపడి ఉంటుంది. 3200 పెట్టమని అందరూ చెప్తారు."

"ఎన్ని ఫ్రేములు పోతాయి?"

"కొన్ని పోతాయి. ప్రాసెసర్ మీద భారం పడే గేముల్లో తెలుస్తుంది."

"అరవై హెర్ట్జ్ తెర మీద తెలుస్తుందా?"

ఆమె మాట్లాడలేదు. కాసేపటికి చీటీలో ర్యామ్ వరస కొట్టేసింది. విచిత్రం ఏమిటంటే, ఈ ఒక్క గీతతో మామ తన వాదాన్ని తనే ఓడించుకున్నాడు. పాత డీడీఆర్4 స్టిక్కులు ఏఎం5 బోర్డులో పట్టవు. ర్యామ్ ఉచితంగా దొరికిందంటే ఏఎం4 ఖాయమైపోయినట్టే. ఆ సంగతి ఆయనకు అర్థమయ్యేసరికి కోడలు గ్రాఫిక్స్ కార్డు వరసలోకి దిగింది.

ఇక్కడ మోసపోయే చోట్లు ఎక్కువ. మామ ఒక చవక మార్గం చెప్పాడు. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ కూడా "ఆరు వేల వరసలోదే" కదా, అంకెలో వంద తేడాకు అంత ధర తేడా ఎందుకు పెట్టాలని. అంకెలు చూసి బేరం చేసేవాళ్లను ముంచడానికే ఇలాంటి పేర్లు పెడతారేమో అనిపిస్తుంది. 6500 ఎక్స్‌టీకి మెమరీ నాలుగు జీబీ. బోర్డుతో మాట్లాడుకోవడానికి నాలుగు లేన్లే ఉంటాయి. పాత పీసీఐఈ 3.0 బోర్డులో పెడితే ఆ దారి సగానికి సగం ఇరుకవుతుంది. నాలుగు జీబీ ఇప్పటి గేములకు చాలదని 2020లో ఏఎండీయే ప్రచారం చేసింది, 2022లో ఈ కార్డును తనే అమ్మింది. 6600కి ఎనిమిది జీబీ, ఎనిమిది లేన్లు ఉన్నాయి. తినే కరెంటు 132 వాట్లు.

"సరే, సెకండ్ హ్యాండ్ చూద్దాం. జీటీఎక్స్ 1660 సూపర్ అగ్గువకి దొరుకుతుంది. నేను విప్పి చూసి తెస్తాను."

కొత్త వస్తువు తప్ప ముట్టొద్దనవలసిన పెద్దమనిషి పాతదానికి సిఫార్సు చేయడం, కుర్రపిల్ల వద్దనడం ఈ సంవాదంలో తమాషా. ఆమె భయం క్రిప్టోకరెన్సీ మైనింగ్ గురించి. ఈథీరియం 2022 సెప్టెంబరు 15న పద్ధతి మార్చుకునే దాకా ఇలాంటి కార్డులు రాత్రీ పగలూ నాణేల లెక్కలు చేస్తూ ఉండేవి. ఆ తర్వాత గుట్టలుగా పాత బజారుకొచ్చాయి. మామ ఆ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేశాడు: ఫ్యాను బేరింగు అరిగి ఉంటుంది, థర్మల్ ప్యాడ్లు ఎండిపోయి ఉంటాయి, అవి మార్చుకోవచ్చు, చిప్ మాత్రం ఒకే వేడి మీద స్థిరంగా నడిచినందుకు పెద్దగా పాడవదు అన్నాడు. రిపేరు చేసే మనిషి మాట కాబట్టి దీనికి బరువు ఉంది.

కోడలు ఇంకో వైపు నుంచి వచ్చింది. "నడుస్తుంది, కాదనను. కానీ కొన్ని గేములు దాని మీద తెరుచుకోవడమే లేదు. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ గేముకీ, 2025లో వచ్చిన డూమ్ ద డార్క్ ఏజెస్‌కీ కార్డులో రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ ఉండి తీరాలి. 1660లో అది లేదు. 6600లో ఉంది. ఇండియానా జోన్స్ వాళ్లు కనీస అర్హత కింద రాసిన కార్డుల్లో అదొకటి."

"కనీసం అన్నారుగా. అంటే అంచు మీద ఉన్నట్టే."

ఆ దెబ్బ తగిలింది. 6600 వచ్చింది 2021 అక్టోబరులో. ఎనిమిది జీబీ మెమరీ ఇప్పుడే కొన్ని గేముల్లో ఇరుకవుతోంది. కొత్త ఆర్‌టీఎక్స్ 5060 వేగంలో చాలా ముందున్నా దాని మెమరీ కూడా ఎనిమిదే, ధర చూస్తే అప్పట్లో ముప్పై వేల దగ్గర. ఇంటెల్ ఆర్క్ బీ580కి పన్నెండు జీబీ ఉంది, ధర కూడా అప్పట్లో అందుబాటులోనే ఉండేది. కోడలు మొదట దాన్నే రాసుకుని కొట్టేసిందట. దాని డ్రైవర్ ప్రాసెసర్ మీద భారం ఎక్కువ మోపుతుందనీ, 5600 లాంటి మధ్యస్థం ప్రాసెసర్ల పక్కన పెడితే కొన్ని గేముల్లో వేగం పడిపోతోందనీ 2025 జనవరిలో పరీక్షలు చేసినవాళ్లు బయటపెట్టారు. కార్డును విడిగా చూసి మంచిదో కాదో చెప్పలేమనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

చివరకు 6600 నిలిచింది, కొత్తది, మూడేళ్ల వారంటీతో. దానికి చీటీలో పాతిక వేల లోపు అంకె ఉంది. మొత్తం డబ్బులో నలభై శాతం.

ప్రాసెసర్ దగ్గర ఎక్కువ సేపు పట్టలేదు. 5600 బదులు 5500 తీసుకుంటే కొంత మిగులుతుందని మామ, రెండింటికీ ఆరు కోర్లే అయినా 5500లో ఎల్3 క్యాష్ 16 ఎంబీ, 5600లో 32 ఎంబీ అని కోడలు. గేములకు ఆ క్యాష్ ముఖ్యం. 5600 నిలిచింది. డబ్బాలో వచ్చే కూలర్ చాలు, నీళ్ల కూలర్ అవసరం లేదని ఇద్దరూ ఒప్పుకున్నారు. మెరిసే ఫ్యాన్లున్న క్యాబినెట్ కావాలని ఆమె అంటే, ముందువైపు అద్దం కాకుండా జాలీ ఉండాలని మాత్రం మామ షరతు పెట్టాడు. మే నెలలో హైదరాబాద్ గది ఎలా ఉంటుందో తెలిసిన మనిషి.

మామ గొంతు పెరిగింది ఎస్ఎంపీఎస్ దగ్గర. కోడలు ఆ వరసలో "క్యాబినెట్‌తో వచ్చేది, 450 వాట్లు" అని రాసింది. డబ్బు మిగులుస్తున్నానని ఆమె అనుకుంది.

ఆయన లోపలికెళ్లి రిపేరుకొచ్చిన ఎస్ఎంపీఎస్ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. "పైన పెద్దక్షరాలతో 450 అనుంది కదా. ఇప్పుడు కింద చిన్న గడులు చదువు. 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లు?"

"పద్దెనిమిది."

"పన్నెండు పద్దెనిమిదులు?"

"రెండు వందల పదహారు."

"నీ ప్రాసెసరూ, కార్డూ తినేది ఈ 12 వోల్టుల లైను నుంచే. అంటే ఇది నీ పనికి 216 వాట్ల సరుకు. మిగతాదంతా 3.3, 5 వోల్టుల లైన్లలో చూపించిన గొప్ప, నీకు అక్కరకు రాదు. పైగా ఆ అంకె కూడా నిజమో కాదో. ఇది పేలితే ఊరికే పోదు, బోర్డునీ కార్డునీ తీసుకుపోతుంది."

"ఎయిటీ ప్లస్ బ్రాంజ్ ఉన్నది తీసుకుంటాలే."

"ఎయిటీ ప్లస్ చెప్పేది గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా కాకుండా లోపలికి పంపుతుందో, అంతే. లోపల సరుకు ఎలాంటిదో అది చెప్పదు. 550 వాట్లది, ఐదేళ్ల వారంటీ ఇచ్చేది తీసుకో. ఇంకొకటి, ఎప్పుడైనా ఎస్ఎంపీఎస్ మారిస్తే పాతదాని వైర్లు కొత్తదానికి పెట్టకు. ఊడదీసే రకం వైర్లలో ప్లగ్గు ఒకేలా ఉంటుంది, లోపల పిన్నుల వరస కంపెనీకో తీరు. ఎస్ఎస్‌డీలూ హార్డ్ డిస్కులూ ఇట్టే కాలిపోతాయి."

ఈ విషయంలో కోడలు వాదించలేదు. క్యాబినెట్‌తో వచ్చే ఎస్ఎంపీఎస్ వరస కొట్టేసి నాలుగు వేలు రాసింది. ఆ నాలుగు వేలు ఎక్కడి నుంచి తేవాలన్నదే ప్రశ్న. బీ550 బోర్డు బదులు బీ450 తీసుకుంటే సగం పైన వస్తుంది. 6600 పీసీఐఈ 3.0లో నడిచినా ఎనిమిది లేన్లుంటాయి కాబట్టి నష్టం కొద్దిగానే. కాకపోతే బీ450 బోర్డులో పాత బయోస్ ఉంటే 5600ని గుర్తుపట్టదు. బిల్లు కట్టకముందే కొట్టువాడి చేత అప్‌డేట్ చేయించాలి. ఒక టీబీ ఎస్ఎస్‌డీని మాత్రం ఆమె తగ్గించనివ్వలేదు. సైబర్‌పంక్ ఒక్కటే డెబ్బై జీబీ ఆక్రమిస్తుంది. పెద్ద గేములు రెండు మూడు పడితే ఐదొందల జీబీ నిండిపోతుంది.

"విండోస్ ఎక్కడ రాశావు?" అన్నాడు మామ.

రాయలేదు. పాత డబ్బాలోని లైసెన్సు ఆ డబ్బాకే కట్టుబడి ఉంటుంది. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది. ఉచితమని లైనక్స్ పెట్టుకుంటే సైబర్‌పంక్ ఆడుకోవచ్చు గానీ, వాలరెంట్ కాపలా సాఫ్ట్‌వేర్ దాని మీద పనిచేయదు. మొదటిసారి చీటీ రాసేవాళ్లందరూ మరిచిపోయే ఖర్చు ఇది. మెరిసే ఫ్యాన్లు అక్కడే పోయాయి.

బిగించడం గురించి మామకు దిగులు లేదు. చెప్పవలసినవి రెండే చెప్పాడు. ర్యామ్ స్టిక్కులు రెండింటినీ పక్కపక్కన పెట్టకుండా, నాలుగు గూళ్ల బోర్డయితే ప్రాసెసర్ వైపు నుంచి రెండో దాంట్లో, నాలుగో దాంట్లో పెట్టాలి. మానిటర్ వైరు బోర్డుకి కాదు, గ్రాఫిక్స్ కార్డుకి గుచ్చాలి. 5600లో గ్రాఫిక్స్ లేదు కాబట్టి బోర్డుకి గుచ్చితే తెర నల్లగానే ఉంటుంది. కొత్తగా కట్టినవాళ్లు మొదటి రాత్రి ఏడ్చేది ఎక్కువగా దీనికే అని ఆయన అనుభవం.

"ఇంకొక్కటి. మొన్న మీ ఇంటికొచ్చినప్పుడు ఆ పాత డబ్బా ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంది. మీ గదిలో ప్లగ్గుకి ఎర్త్ లేదు."

"దానికీ దీనికీ ఏంటి సంబంధం? అది పాతది కదా."

"ఎస్ఎంపీఎస్ ఏదైనా అంతే. కరెంటులో రొద వడగట్టడానికి లోపల రెండు చిన్న కెపాసిటర్లుంటాయి, లైను నుంచి బాడీకి ఒకటి, న్యూట్రల్ నుంచి బాడీకి ఒకటి. ఎర్త్ ఉంటే అది నేలలోకి పోతుంది. లేకపోతే 230 వోల్టుల్లో సగం డబ్బా ఒంటి మీదే నిలుస్తుంది. కరెంటు చాలా కొద్దిగా కాబట్టి ప్రాణం మీదికి రాదు, కానీ కొత్త కార్డుకి హెచ్‌డీఎంఐ గుచ్చేటప్పుడు ఆ నిప్పురవ్వ చాలు. ఎర్త్ వైరు నేను లాగుతా. లాగిన తర్వాతే స్విచ్ వెయ్యి."

"యూపీఎస్?"

"నువ్వే లెక్క చెప్పు."

ఆమె కూడింది. ప్రాసెసర్ గట్టిగా పనిచేస్తే 76 వాట్లు, కార్డు 132, బోర్డూ ఫ్యాన్లూ ఎస్ఎస్‌డీ కలిపి ఓ యాభై, మానిటర్ పాతిక. మొత్తం మూడు వందల లోపే. ఇంట్లో ఉన్న 600 వీఏ యూపీఎస్ 360 వాట్ల దాకా ఇస్తుంది.

"ఇస్తుంది" అన్నాడు మామ, "కానీ అది చదరపు అల వేసే రకం. మంచి ఎస్ఎంపీఎస్‌లలో కొన్ని ఆ అలకి బ్యాటరీ మీదికి మారగానే ఆగిపోతాయి. ముందు నీ ఎస్ఎంపీఎస్ కొనుక్కురా, కొట్టులోనే పెట్టి చూద్దాం. నప్పకపోతే అప్పుడు ఆలోచిద్దాం. బిల్లులన్నీ జీఎస్‌టీతో, నీ పేరు మీదే తీసుకో. డబ్బాల మీది సీరియల్ నంబర్లు బిల్లులో ఉన్నాయో లేదో అక్కడే చూసుకో. రేపు వారంటీకి తిరిగేది నువ్వే, నేను కాదు."